ఏడు నిమిషాలు ముందు

బేకరీలో అందరూ అతన్ని 'ఏడు నిమిషాలు' అనేవారు. ఎదురుగా కాదులెండి, ఎదురుగా అయితే 'రా బాబూ, కూర్చో' అనేవారు. అతని చేతి గడియారం ఊళ్లో గడియారాలన్నిటికంటే ఏడు నిమిషాలు ముందు నడిచేది. చెడిపోయి కాదు, కావాలనే అలా తిప్పి పెట్టుకున్నాడు. ఆమె ఆరింటికి పని దిగి బయటికొచ్చేసరికి తను గుమ్మం ముందు ఉండాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ నిమిషంలో ఆమె ఎవరితోనైనా మాట్లాడొచ్చు, ఎటైనా నడిచిపోవచ్చు, ఊరికే నిలబడి ఆకాశం వైపు చూడొచ్చు. ఈ చివరిది కూడా అతనికి నచ్చేది కాదు. ఆకాశంలో ఏముందని?

దీనికి అతను పెట్టుకున్న పేరు ప్రేమ. ఆ మాట అనేటప్పుడు గొంతు కూడా కాస్త వణికేది, అదొక ముచ్చట!

అతని పని కెమెరాలు బిగించడం. నిచ్చెన భుజానేసుకుని, డ్రిల్లు సంచీలో పెట్టుకుని షాపులూ గోదాములూ మెట్లదారులూ తిరిగేవాడు. పనిమంతుడే, ఆ సంగతి ఒప్పుకోవాలి. గదిలో అడుగు పెట్టగానే ఏ మూలన బిగిస్తే మొత్తం కనిపిస్తుందో, ఏ మూల కనిపించకుండా పోతుందో చెప్పేసేవాడు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మనుషుల్ని కూడా అదే కంటితో చూసేవాడు. ఆమెలో తనకి కనిపించని మూలలు చాలా ఉన్నాయని అతని బాధ.

ఆమె పని కేకుల మీద అక్షరాలు రాయడం. కాగితాన్ని గొట్టంలా చుట్టి, లోపల క్రీము నింపి, చివర చిన్న కన్నం పెట్టి, దాన్ని నొక్కుతూ రాసేది. తలకట్లు వంగేవి కావు, ఒత్తులు జారేవి కావు, పెద్ద పేరైనా చిన్న కేకు మీద ఇరుకు పడేది కాదు. ఆ వీధిలో వాళ్లందరికీ ఆమె అక్షరాలమ్మాయి. రెండేళ్ల కిందట అక్క పుట్టినరోజుకి కేకు కోసం వెళ్లి, ఆమె అక్క పేరు రాస్తుంటే చూసి, అతను మనసు పారేసుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. పారేసుకున్న మనసుకి బదులుగా ఆమె మొత్తం తనకి రావాలనుకోవడంతోనే వచ్చింది తంటా.

మొదట్లో ఆమెకి కూడా బాగానే ఉండేది. పని దిగేసరికి ఒక మనిషి మన కోసం నిలబడి ఉంటే ఎవరికి బాగుండదు? ఆర్నెల్లు గడిచాక ఒకరోజు నవ్వుతూనే అంది. "నువ్వు రోజూ అలా గుమ్మంలో నిలబడితే ఇంటికెళ్తున్నట్టు లేదు, నన్నెవరో నీకు అప్పజెప్తున్నట్టుంది." అతను మొహం మాడ్చుకుని మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆమే క్షమించమంది. దేనికో ఆమెకీ తెలియదు. ఆ తర్వాత స్నేహితురాళ్లు ఒక్కొక్కరే జారిపోయారు. ఆమె ఫోను తాళం అతని చేతికొచ్చింది. 'మన మధ్య దాపరికాలేంటి' అన్నాడు. అతని ఫోను తాళం మాత్రం ఆమెకి చెప్పడం మర్చిపోయాడు.

బేకరీలో కెమెరా కూడా అతనే బిగించాడు, షాపావిడ వద్దంటున్నా ఊరికే. "అమ్మాయిలు పనిచేసే చోటండీ, భద్రత ఉండాలి" అన్నాడు పెద్దమనిషిలా. షాపావిడ ఫోన్లో ఏదో యాప్ పెట్టి, ఎలా తెరవాలో రెండుసార్లు చూపించాడు. ఆవిడ తల ఊపింది గానీ ఆ తర్వాత ఒక్కసారి కూడా తెరిచిన పాపాన పోలేదు. కెమెరాలో టైము తన చేతి గడియారం చూసి పెట్టాడు. అదే బొమ్మ తన ఫోన్లో కూడా వచ్చేట్టు చేసుకున్నాడు. ఈ చివరి సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి నిచ్చెన మీద ఒక కాలు, ఫోను మీద రెండు కళ్లు. ఆ కెమెరాలో బొమ్మ వస్తుంది, మాట రాదు. మాటలు అతనే కల్పించుకునేవాడు. ఆమె ఎవరితో పెదవి కదిపినా అది తన గురించే అయ్యుండాలి, కాకపోతే తనకి తెలియకూడనిది అయ్యుండాలి. మూడో రకం మాటలు కూడా లోకంలో ఉంటాయని, మనుషులు వాన గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటారని అతని బుర్రకి ఎక్కేది కాదు.

అతను ఉండేది అక్క ఇంట్లో, పై గదిలో. బావ లారీ నడుపుతాడు. వెళ్తే పది రోజులు, ఒక్కోసారి పదిహేను. ఆ మంగళవారం పొద్దున అతను కిందికి దిగేసరికి అక్క గిన్నెలు తోముతోంది. గట్టు మీద పెట్టిన ఫోన్లోంచి బావ గొంతు మోగుతోంది. దారిలో ఎవరిదో గొర్రెల మంద రోడ్డుకి అడ్డం పడుకుందట, కాపరి కూడా వాటి మధ్యే పడుకున్నాడట, హారన్ కొడితే గొర్రెలు లేచాయి గానీ కాపరి లేవలేదట. అక్క చేతిలో గిన్నె పక్కన పెట్టి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. ఎక్కడ అని అడగలేదు, ఎప్పుడొస్తావనీ అడగలేదు. "సరే, జాగ్రత్త" అని పెట్టేసింది.

అతనికి ఒళ్లు మండింది.

"అక్కా, లారీకి చిన్న మిషను ఒకటి పెడతా. బావ ఎక్కడున్నాడో నీ ఫోన్లోనే కనిపిస్తుంది."

"ఎందుకురా?"

"ఎక్కడున్నాడో తెలియాలి కదా!"

"తెలుసుగా. లారీలో ఉన్నాడు."

"ఏ దారిలో?"

"లారీ పోయే దారిలో."

"వేళాకోళం కాదక్కా. పదిహేను రోజులు మనిషి కనిపించకపోతే నీకేం అనిపించదా? అసలు నీకు బావ మీద ప్రేమ ఉందా?"

అక్క తడి గుడ్డ తీసి గట్టు మీద ఠపీమని కొట్టింది. "మీ బావ నేను పారేసుకున్న సామానా, మిషను పెట్టి వెతుక్కోడానికి? పొద్దున్నే నా నోట్లో నోరు పెట్టకు, పనికి పో."

పోయాడు. అక్కకి బండమనసు అనుకుంటూ, పళ్లు నూరుకుంటూ పోయాడు.

ఆ మధ్యాహ్నం ఒక గోదాములో నిచ్చెన మీద ఉండగా ఫోను టింగుమంది. ఆమెకి వచ్చే మెయిళ్లు అతని ఫోన్లో కూడా పడతాయి. ఎలా అని అడక్కండి, తాళం చేతిలో ఉంటే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. దూరపు నగరంలో కేకుల పని నేర్పే పెద్ద బడి ఒకటుంది. ఆర్నెల్ల చదువు, ఉండటానికి చోటు వాళ్లే ఇస్తారు. ఆమె మూడు నెలల కిందట దరఖాస్తు పెట్టింది, అతనికి చెప్పే పెట్టింది. అప్పుడు 'అలాగే, పెట్టుకో' అన్నాడు, మహారాజులా. ఎలాగూ రాదులే అని ధీమా. ఇప్పుడు వచ్చింది. మూడు వందల మందిలో పన్నెండు మందిని తీసుకున్నారు, అందులో ఆమె ఒకతె. సోమవారం నుంచి తరగతులు, వస్తున్నదీ లేనిదీ వెంటనే చెప్పమన్నారు.

ఆర్నెల్లు! గుమ్మం లేదు, కెమెరా లేదు, సాయంత్రం ఆరింటికి ఎదురుచూపు లేదు. అతనికి నిజంగానే ఊపిరాడలేదు. అది నటన కాదు. నాలుగో మెట్టు మీద నిలబడి, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఆమె పేరు మీద జవాబు రాశాడు. 'మీరు ఇచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు. కుటుంబ కారణాల వల్ల రాలేకపోతున్నాను.' 'కుటుంబ కారణాలు' అని రాస్తున్నప్పుడు కాస్త సంతోషం కూడా వేసింది. కుటుంబం అంటే తనే కదా! పంపించి, వచ్చిన మెయిలునీ పంపిన జవాబునీ రెండిటినీ చెరిపేశాడు. తర్వాత గోడకి నాలుగు కన్నాలు పొడిచాడు. నాలుగూ గీత గీసినట్టు వచ్చాయి.

రెండు రోజులు ఆమె ఫోను తీసి చూసుకుంటూనే ఉంది. "ఇంకా ఏం రాలేదు" అంది బుధవారం సాయంత్రం, నడుస్తూ. "వాళ్లకేం తెలుస్తుంది నీ విలువ" అన్నాడు ఆమె భుజం తట్టి. ఆ తట్టిన చెయ్యి పడిపోలేదేమా అని మనకి అనిపిస్తుంది గానీ, చేతులు అలా పడిపోవు.

గురువారం మధ్యాహ్నం ఒక బట్టల షాపులో వైరు లాగుతూ ఫోను చూశాడు. బేకరీలో ఆమె నవ్వుతోంది. మామూలు నవ్వు కాదు, కడుపు పట్టుకుని వంగిపోయే నవ్వు. ఎదురుగా బేకరీకి పిండి బస్తాలు వేసే మనిషి, వాడూ నవ్వుతున్నాడు. ఆమె పడిపోబోయి వాడి భుజం పట్టుకుంది. తెర మూలన టైము మూడు ఇరవై తొమ్మిది.

అరికాలి మంట నెత్తికెక్కింది. వైరు అక్కడే వదిలేసి, షాపువాడు వెనక నుంచి అరుస్తున్నా వినిపించుకోకుండా బండి తీశాడు.

అతను వెళ్లేసరికి బేకరీలో మనుషులు పెద్దగా లేరు. షాపావిడ బల్ల దగ్గర డబ్బాలకి తాడు కడుతోంది. లోపల ఓవెన్ మాస్టరు, అరవై ఏళ్ల మనిషి, మోచేతుల దాకా పిండితో ఉన్నాడు. ఆమె కిటికీ పక్క బల్ల మీద తెల్ల కేకు ముందు పెట్టుకుని రాస్తోంది.

"ఎవడు వాడు?"

ఆమె తలెత్తింది. "ఎవరు?"

"నాటకాలొద్దు. మూడు ఇరవై తొమ్మిదికి ఎవడితో పళ్లికిలిస్తున్నావో, వాడు!"

"పిండి బస్తాలాయనా?" ఆమెకి ఇంకా ఆ నవ్వు మిగిలే ఉంది. "పాపం, ఆయన భార్య అలిగి మాట్లాడ్డం లేదట. కేకు మీద 'నాదే తప్పు' అని రాసివ్వమన్నాడు. నేను మాటల్లో పడి 'నీదే తప్పు' అని రాశాను. ఆయన చూసుకోకుండా డబ్బాలో పెట్టించుకుని, గుమ్మం దాకా వెళ్లి తెరిచి చూసుకుని, 'అమ్మా, ఇది పట్టుకెళ్తే నేను బస్తాల మధ్యే కాపురం పెట్టాలి' అని..."

"దానికి నాలుగు నిమిషాలు నవ్వాలా? భుజం పట్టుకుని?"

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. షాపావిడ తాడు కట్టడం ఆపింది.

"ఎవరు చెప్పారు నీకు?" అంది ఆమె.

"ఎవరో చెప్పారు. నా కళ్లు కప్పగలననుకోకు. నాకు వీధంతా మనుషులున్నారు."

ఓవెన్ మాస్టరు చేతులు దులుపుకుంటూ ఇవతలికి వచ్చాడు. నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ పోడు. రొట్టెల లెక్క తప్పితే మాత్రం ఊరుకోడు. ఓవెన్ పక్క గోడకి నల్ల పలక ఉంటుంది. ఏ ట్రే ఎప్పుడు లోపల పెట్టాడో, ఎప్పుడు తియ్యాలో సుద్దముక్కతో దాని మీద రాసుకుంటాడు.

"ఆగు బాబూ. మూడు ఇరవై తొమ్మిదా?"

"అవును!"

"కాదే. నేను ట్రే లోపల పెట్టి, టైము రాసి, వెనక్కి తిరిగేసరికి ఈ పిల్ల నవ్వుతోంది. ఏమైందని నేనూ వెళ్లి చూశాను. అదిగో, పలక మీద చూడు. మూడు ఇరవై రెండు. నువ్వు చెప్పే ఇరవై తొమ్మిదికి ఆయన కేకు దిద్దించుకుని వెళ్లిపోయాడు కూడా."

"ఏదో ఒకటి! ఇరవై రెండో, ఇరవై తొమ్మిదో!"

"ఏదో ఒకటి కాదు" అంది షాపావిడ, మెల్లగా. "ఏడు నిమిషాలు."

రెండేళ్లుగా ఆ మాట అనుకుని బేకరీ బేకరీ అంతా నవ్వుకునేవాళ్లు. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. ఆమె చేతిలో కాగితపు గొట్టం అలాగే ఉంది. వీధిలో మనిషెవడో చూసి చెప్తే మూడు ఇరవై రెండు అని చెప్తాడు, లేకపోతే మూడున్నర దగ్గర అని చెప్తాడు. ఇరవై తొమ్మిది అని ఎవడు చెప్తాడు? ఆమె అతని చేతి గడియారం వైపు చూసింది. తర్వాత తల పైకెత్తి మూలనున్న కెమెరా వైపు చూసింది.

"ఆంటీ, మీ ఫోన్లో ఆ యాప్ తెరవండి" అంది.

షాపావిడ తడుముకుంటూ తెరిచింది. తెర మీద నలుగురూ చిన్నగా కనిపించారు, ఒకళ్ల వైపు ఒకళ్లు తిరిగి. మూలన టైము నాలుగు రెండు. గోడ గడియారంలో మూడు యాభై ఐదు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు అతను. కానీ అలాంటివాళ్లు ఎక్కువసేపు అలా నిలబడరు. ఒంటికాలి మీద లేచాడు.

"అవును, చూశాను! అయితే ఏంటి? ప్రేమించినవాడు చూస్తాడు. ప్రేమ లేనివాడికి నువ్వు ఉంటే ఎంత, పోతే ఎంత? ఏడాదిగా పనులు మానుకుని చూస్తున్నా. నీకోసం ఎవడు చేస్తాడు ఇంత?"

"ఏడాదిగా" అంది ఆమె. గొట్టం కింద పెట్టేసింది. "చలికాలంలో మా అమ్మని ఆస్పత్రిలో పెట్టారు. ఆ రోజు అదిగో, ఆ డబ్బాల పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. అది కూడా చూశావా?"

"చూశాను. అన్నీ చూశాను."

"మరి రాలేదేం?"

అతని దగ్గర జవాబు ఉంది. వస్తే ఎలా తెలిసిందని అడుగుతావు కదా, అందుకని రాలేదు. ఆ జవాబు నాలుక దాకా వచ్చి, అక్కడ దాని మొహం దానికే కనిపించి ఆగిపోయింది.

"సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి, 'ఏంటి డల్‌గా ఉన్నావ్' అని అడిగావు" అంది ఆమె. "ఏం తెలియనట్టు. నేను మళ్లీ మొదటి నుంచీ చెప్పుకుని ఏడ్చాను. నువ్వు మొదటిసారి వింటున్నట్టు తలూపావు."

ఓవెన్ మాస్టరు లోపలికి వెళ్లి స్టూలు తెచ్చుకున్నాడు. దాని మీదికెక్కి, పిండి చేతులతోనే కెమెరాని పట్టుకుని మెలితిప్పాడు. గోడ పెచ్చుతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని తీసుకెళ్లి గుడ్డు పెంకుల బుట్టలో పడేసి, చేతులు కడుక్కున్నాడు.

"నా ఫోన్లో కూడా ఉన్నావా?" అంది ఆమె.

"నాకు పనుంది" అన్నాడు అతను. అని, బండి తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకుని, వెళ్లిపోయాడు.

ఇంట్లో బావ ఉన్నాడు. మధ్యాహ్నమే దిగాడట, స్నానం చేసి తుండుగుడ్డతో తల తుడుచుకుంటున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. అక్కకి తన కథ తను చెప్పుకున్నాడు. ఆ కథలో కెమెరా భద్రత కోసం, గడియారం పొరపాటు, పిండి బస్తాలవాడు దుర్మార్గుడు, బేకరీవాళ్లు కక్షకట్టినవాళ్లు. అక్క కూరగాయలు తరుగుతూ అంతా విని, ఒక్కటే అడిగింది.

"ఆ పిల్లకి చెప్పే చూశావా, చెప్పకుండా చూశావా?"

"చెప్తే ఎవరైనా మామూలుగా ఉంటారా అక్కా? అది ప్రేమ కాబట్టి..."

"ఆ మాట నా ఇంట్లో అనకు" అంది అక్క, కత్తి కింద పెట్టి. "నువ్వు చేసిన పనికి ఆ పేరు పెడితే, మేమిద్దరం ఇన్నేళ్లుగా చేస్తున్నదానికి ఇంకో పేరు వెతుక్కోవాలి."

అంతలో తలుపు కొట్టారు. బావ తీశాడు. ఆమె, వెనకే ఓవెన్ మాస్టరు, తలలో పిండి ఇంకా దులుపుకోలేదు.

"లోపలికి రావచ్చా అండీ?" అంది ఆమె.

ఏడాదిన్నరగా ఆ గుమ్మంలోకి 'వదినా' అని కేకేస్తూ వచ్చేది. ఆ పిలుపు నేర్పింది అతనే. ఇప్పుడా పిలుపు లేదు, 'అండీ' ఉంది. అక్క అది విని కుర్చీ లాగింది. "రా తల్లీ, కూర్చో." ఆమె కూర్చోలేదు.

ఆమె చెప్పింది ఇంతే. ఇంక ఎదురుచూడలేక బడికి తనే ఫోను చేసింది. మంగళవారమే మీరు రాలేనన్నారు కదా అన్నారు అక్కడ. రాసింది తను కాదంటే ఆ బడి నడిపే మేడమ్ నమ్మలేదు. మీ పేరు మీద, మీ మెయిలు నుంచే వచ్చింది, రేపు ఇంకోటి వస్తే అదీ నేను రాయలేదంటారు, అప్పుడు మేమేం చెయ్యాలి అంది. వరుసలో తర్వాత ఉన్న అమ్మాయికి ఐదింటికి ఆ సీటు ఇచ్చేస్తారు. రాసిన మనిషి ఎవరో ఆ మనిషే ఐదులోపు ఫోన్లో ఒప్పుకుంటే, ఆలోచిస్తానంది.

గోడ మీద నాలుగు నలభై అయింది.

బావ అతని వైపు తిరిగాడు. "నువ్వు రాశావా?"

అతను గోడ వైపు చూశాడు. అక్కకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"మూడు వందల మందిలో పన్నెండు మంది" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఏడేళ్లుగా కేకుల మీద ఊళ్లోవాళ్లందరి పేర్లూ రాశాను. నా పేరు ఒక జాబితాలో ఉండటం ఇదే మొదటిసారి. అది నేను చూడనైనా చూడలేదు. నువ్వు చూశావు."

"నువ్వు వెళ్లిపోతే నేనేమైపోవాలి?" అన్నాడు అతను. ఈసారి గొంతు వణకడం నిజమే. "ఆర్నెల్లు! నాకు ఒక్కటంటే ఒక్క మాట ఇవ్వు. రోజూ మాట్లాడతానని, నన్ను వదిలిపెట్టనని. ఇప్పుడే ఫోను చేస్తాను."

"ఇవ్వను."

"ఏదో ఒకటి అనొచ్చు కదా!"

"నీకు ఇవ్వడానికి నా దగ్గర ఇంకేం లేదు. చెప్తే చెప్పు, లేకపోతే లేదు."

నాలుగు నలభై ఆరు. ఓవెన్ మాస్టరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బావ తుండుగుడ్డ మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. అక్క చేతులు తుడుచుకుంటూ లేచింది.

"ఆ ఫోను ఇటివ్వమ్మా, నేను మాట్లాడతా. నా తోడబుట్టినవాడే రాశాడు, దొంగతనంగా రాశాడు అని నేను చెప్తా. వాళ్లు నమ్మకపోతే బండెక్కి వెళ్లి చెప్తా."

"అక్కా!"

"అక్కా లేదు, గిక్కా లేదు. నిన్ను చిన్నప్పుడు నేనే ఎత్తుకు తిప్పాను. ఒక్క క్షణం దింపితే ఊరు ఎగిరిపోయేలా ఏడ్చేవాడివి. అందరూ ముద్దు అనుకున్నారు. నేనూ అనుకున్నాను, నా ఖర్మ. చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అతను చెయ్యి చాపాడు. మంచితనంతో కాదు. అక్క నోటి నుంచి 'దొంగతనం' అని ఇంకొకళ్లు వినడం కంటే, తన మాటల్లో తను చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుందనుకున్నాడు. ఆమె ఫోను అతని చేతికివ్వలేదు. నంబరు నొక్కి, అందరికీ వినిపించేలా పెట్టి, బల్ల మీద ఉంచింది.

"చెప్పండి" అంది మేడమ్. గొంతు పొడిగా ఉంది, పనిలో ఉన్న మనిషి గొంతు.

"నమస్కారమండీ. ఆ... మంగళవారం ఆ జవాబు... కొంచెం పొరపాటు జరిగిందండీ."

"పొరపాటు ఎవరిది?"

"నేనే పంపానండీ. ఆ అమ్మాయి మంచి గురించే ఆలోచించి..."

"ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలియదండీ."

"తర్వాతైనా చెప్పారా?"

"లేదండీ. చెరిపేశాను."

"మీరెవరు?"

"నేను కెమెరాలు బిగిస్తానండీ."

"మీ పని అడగలేదు. ఆ అమ్మాయికి మీరేమవుతారు?"

ఈ ప్రశ్న అతనికి కొత్త కాదు. రెండేళ్లలో ఆస్పత్రి కిటికీ దగ్గర, బస్సులో పక్క సీటువాళ్లకి, బేకరీకి వచ్చే ప్రతి కొత్త మనిషికి, అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. 'మా ఆవిడే, పెళ్లొక్కటే మిగిలింది' అనేవాడు. ఆమె పక్కనే ఉండి ప్రతిసారీ నేల చూపులు చూసేది. ఇప్పుడు చూడలేదు. కళ్లెత్తి సూటిగా అతన్నే చూస్తోంది. ఆ రెండేళ్లలో ఏ కెమెరాలోనూ అతనికి ఆ చూపు కనిపించలేదు. అబద్ధం చెప్తే సీటు పోతుంది. ఏదో ఒకటి అవుతానంటే, కుటుంబంలో మాటామాటా అనుకుని మళ్లీ వచ్చారని మేడమ్ ఫోను పెట్టేస్తుంది. అది అతనికి కూడా అర్థమైంది. అయినా ఆ మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఏమీ కానండీ."

తర్వాత మేడమ్ గొంతులోంచి 'మీరు' వెళ్లిపోయింది.

"ఏమీ కానివాడివి, ఆ పిల్ల ఫోను నీ చేతిలోకెందుకు వచ్చింది?"

జవాబు కోసం మేడమ్ ఆగలేదు. "అమ్మాయ్, ఉన్నావా? సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఉండాలి. ముందు వెళ్లి నీ ఫోను తాళం, మెయిలు తాళం రెండూ మార్చు."

"అలాగే మేడమ్. వస్తాను" అంది ఆమె. అంతవరకూ కళ్లల్లో ఒక్క చుక్క రాలేదు. ఇప్పుడు కన్నీళ్లు ఆగకుండా వచ్చాయి. ఓవెన్ మాస్టరు జేబులో గుడ్డ కోసం వెతికి, దొరక్క, తన చేతులే చొక్కాకి తుడుచుకుని ఊరుకున్నాడు.

అక్క ఆమెని గుమ్మం దాకా సాగనంపింది. "ఇక మీద వదినా అని పిలవక్కర్లేదులే. అక్కా అను. అదైనా ఉండనీ."

"వెళ్లొస్తానక్కా" అంది ఆమె, కళ్లు తుడుచుకుని. బావ వైపు తిరిగి, "వెళ్లొస్తానండీ" అంది.

బావ తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. "జాగ్రత్తగా వెళ్లిరా అమ్మా."

ఆమె చెప్పులేసుకుని, ఒక్కసారి అతని వైపు తిరిగింది.

"వెళ్తున్నాను" అంది.

"ఎక్కడికి?" అన్నాడు అతను. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి.

ఆమె అప్పటికే ఓవెన్ మాస్టరుతో ఏదో మాట్లాడుకుంటూ వీధిలో నడుస్తోంది. ఆ మాట ఆమెకి వినపడలేదు. విన్న బావ తలుపు వేశాడు, అక్క లోపలికెళ్లి మిగిలిన కూరగాయలు తరగడం మొదలుపెట్టింది.